అరువు టెలిస్కోపు, సొంత లెక్క: బెంజమిన్ బన్నెకర్ జీవితం

ఉగాది వచ్చిందంటే గుళ్లో పంచాంగ శ్రవణం ఉంటుంది. గ్రహణం ఎప్పుడు, వానలు ఎలా ఉంటాయి, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటారు. చదివే హక్కు ఎవరిది, ముందు వరసలో కూర్చుని వినే చోటు ఎవరిది అన్నది మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆకాశం అందరి నెత్తి మీదా ఒకటే. దాని లెక్క మాత్రం కొన్ని ఇళ్లలోనే ఉండిపోయింది.

మేము ఈసారి పరిచయం చేస్తున్నది పంచాంగం రాసిన ఒక రైతును. అమెరికాలో బానిసత్వం చట్టబద్ధంగా నడుస్తున్న రోజుల్లో, బానిసల చేత పొగాకు పండించే మేరీలాండ్‌లో పుట్టిన నల్లజాతి మనిషి బెంజమిన్ బన్నెకర్. యాభై ఏడేళ్ల వయసులో టెలిస్కోపు అరువు తెచ్చుకుని ఖగోళ శాస్త్రం మొదలుపెట్టాడు. మూడేళ్లు తిరిగేసరికి ఆయన పేరుతో అచ్చయిన పంచాంగం బాల్టిమోర్ దుకాణాల్లో అమ్ముడుపోయింది.

ఆయన 1731 నవంబర్ 9న పుట్టాడు. తండ్రి రాబర్ట్ ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన మనిషి, తరవాత విముక్తి పొందాడు. తల్లి మేరీ స్వేచ్ఛగానే పుట్టింది. అమ్మమ్మ మాలీ వెల్ష్ గురించి కుటుంబంలో ఒక కథ చెప్పుకునేవారు. ఆమె ఇంగ్లండ్‌లో పాలు పితికే పనిమనిషి అనీ, పాలు దొంగిలించిందన్న నేరం మోపి సముద్రం దాటించి కొన్నేళ్ల వెట్టికి పంపారనీ, వెట్టి తీరాక ఇద్దరు బానిసలను కొని విడుదల చేసి వారిలో ఒకరిని పెళ్లాడిందనీ. ఇందులో ఎంత నిజమో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. మనవడికి బైబిల్ ముందు పెట్టి అక్షరాలు నేర్పింది ఆవిడే అన్నది కూడా ఆ కుటుంబ జ్ఞాపకమే.

వాదన అవసరం లేని కాగితం ఒకటుంది. 1737లో రాబర్ట్ పటాప్స్కో నది దగ్గర 100 ఎకరాల భూమి కొన్నాడు. ధర 7,000 పౌన్ల పొగాకు. మేరీలాండ్‌లో అప్పట్లో పొగాకే డబ్బు. ఆ దస్తావేజులో తండ్రి పేరుతో పాటు ఆరేళ్ల బెంజమిన్ పేరు కూడా రాయించారు. పసివాడి పేరు పట్టాలో ఎందుకు పెట్టించాడో మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నల్లవాడి చేతిలో ఉన్న భూమి ఎప్పుడు ఎవరు లాక్కుంటారో తెలియని చోట, తాను పోయినా కొడుకును ఆ నేల మీద నుంచి ఎవరూ కదిలించకూడదని తండ్రి చూసుకున్న జాగ్రత్త అది. అసైన్డ్ భూముల పట్టాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన కుటుంబాల పిల్లలకు ఈ ఒక్క వాక్యం చాలు, ఆ ఇల్లు ఎలాంటిదో అర్థం కావడానికి.

బన్నెకర్ చదువు ఎక్కువ సాగలేదు. చలికాలంలో పొలం పని తక్కువ ఉన్నప్పుడు కొన్నాళ్లు చిన్న బడికి వెళ్లాడంటారు. ఒంట్లో శక్తి వచ్చాక బడి ఆగి పొగాకు సాగు మొదలైంది. లెక్కలంటే ఉన్న పిచ్చి మాత్రం ఆగలేదు. ఇరుగుపొరుగుతో లెక్కల పొడుపుకథలు మార్చుకునేవాడు.

ఇరవై రెండేళ్ల వయసులో, 1753 ప్రాంతంలో, ఆయన గడియారం చేశాడు. అంతకుముందు జేబు గడియారం ఒకటి చూశాడు, అంతే. దాని లోపలి చక్రాల పళ్లు లెక్కపెట్టి, ఏ చక్రం ఎన్నిసార్లు తిరిగితే ఏది ఒకసారి తిరుగుతుందో కాగితం మీద గుణించి, అదే నిష్పత్తిలో పెద్ద చక్రాలు చెక్కతో చెక్కుకున్నాడు. గంటలు కొట్టే గడియారం. దాదాపు యాభై ఏళ్లు, ఆయన బతికున్నంత కాలం నడిచింది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని చూడడానికే వచ్చేవారు. గడియారానికీ ఆకాశానికీ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చు. చాలా ఉంది. గ్రహాలు, చంద్రుడు, సూర్యుడు తిరిగే తీరు కూడా ఇలాంటి నిష్పత్తుల లెక్కే. పళ్ల లెక్క తప్పితే గడియారం ఆగుతుంది, ఆ తప్పు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. గురువు లేనివాడికి అదే గురువు.

1759లో తండ్రి పోయాడు. పొలం, తల్లి, తేనెపట్టులు, వయొలిన్, ఫ్లూట్. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఈ ముప్పై ఏళ్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ దొరకదు. దొరకకపోవడం కూడా గమనించాల్సిందే. ఇంత బుర్ర ఉన్న మనిషి వయసులో ఉన్న కాలమంతా పొగాకు మొక్కల మధ్య పోయింది.

1772లో ఎలికాట్ అనే క్వేకర్ కుటుంబం ఆ ప్రాంతానికి వచ్చి పటాప్స్కో ఒడ్డున పిండిమరలు కట్టింది. క్వేకర్లలో చాలామంది బానిసత్వాన్ని వ్యతిరేకించిన క్రైస్తవులు. ఆ ఇంటి కుర్రాడు జార్జ్ ఎలికాట్‌కు నక్షత్రాల పిచ్చి ఉంది. తనకంటే దాదాపు ముప్పై ఏళ్లు పెద్దవాడైన బన్నెకర్‌తో అతనికి స్నేహం కుదిరింది. 1788 ప్రాంతంలో అతను తన సామాను బన్నెకర్‌కు అరువిచ్చాడు. ఒక చిన్న టెలిస్కోపు, గీతలు గీసే పరికరాలు, మూడు పుస్తకాలు. ఫెర్గూసన్ రాసిన ఖగోళ శాస్త్రం, మేయర్ పట్టికలు, లెడ్‌బెటర్ చంద్రుడి లెక్కలు. ఇవన్నీ పరుచుకుని రాసుకోవడానికి ఇంట్లో సరైన బల్ల లేదని పాత మడత బల్ల కూడా ఒకటి పంపాడు. తీరిక దొరికినప్పుడు వచ్చి ఇవి ఎలా వాడాలో చెబుతానన్నాడు. అతను వచ్చేలోపే పెద్దాయన మొదలుపెట్టేశాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. నక్షత్రాలు చూడాలన్న ఆసక్తి ఉండి, టెలిస్కోపు ధర చూసి వెనక్కి తగ్గిన విద్యార్థులు మన హాస్టళ్లలో ఉన్నారు. బన్నెకర్ దగ్గరున్న టెలిస్కోపు ఇప్పుడు అంగట్లో దొరికే మామూలు టెలిస్కోపులతో కూడా పోటీ పడేది కాదు. ఆయన పనిలో దాని వాటా చిన్నది. మబ్బు లేని రాత్రుల్లో పెద్ద అంగీ కప్పుకుని ఇంటి బయట నేల మీద వెల్లకిలా పడుకుని తెల్లవారేదాకా చూసేవాడు. ఏ చుక్క ఎప్పుడు నెత్తి మీదికి వచ్చింది, చంద్రుడు నిన్నటికంటే ఎంత తూర్పుకు జరిగాడు, ఏ గ్రహం ఏ చుక్క దగ్గరికి వచ్చింది. ఇది కంటి పని, ఓపిక పని. తరవాత లోపలికి వెళ్లి కొవ్వొత్తి వెలుగులో పట్టికలతో లెక్క చూసుకునేవాడు. తెల్లవారాక పడుకునేవాడు. పగటిపూట తలుపు వేసి ఉండడం చూసి ఇరుగుపొరుగు ఆయన్ని సోమరి అన్నారు. రాత్రంతా పని చేసినవాడికి పగలు వచ్చే పేరు అది!

మన పెద్దవాళ్లకు ఈ కంటి పని కొత్త కాదు. పిల్లలకోడి చుక్కలు ఎక్కడికి ఎక్కాయో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పిన పాలేర్లు, వేగుచుక్క పొడవగానే అరకకు ఎడ్లను కట్టిన జీతగాళ్లు, రోహిణి కార్తె, మృగశిర కార్తె పేర్లతో ఏడాదిని కొలుచుకున్న కూలీలు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు ఆకాశం తెలుసు. కాగితం, పట్టిక, అచ్చు యంత్రం మాత్రం వాళ్ల చేతికి రాలేదు. బన్నెకర్‌కు కూడా యాభై ఏడో ఏడు దాకా రాలేదు.

తొలి ప్రయత్నంగా ఒక సూర్యగ్రహణం లెక్క గీసి జార్జ్‌కు పంపాడు. చిన్న తప్పు దొర్లింది. తప్పు ఎక్కడ వచ్చిందో వెతుక్కుంటూ పోతే తెలిసింది, ఫెర్గూసన్, లెడ్‌బెటర్ ఇద్దరి పద్ధతులు ఒకదానితో ఒకటి కుదరవని. కొన్ని నెలల కిందట పుస్తకం తెరిచిన మనిషి, పేరు మోసిన ఇద్దరు రచయితల మధ్య తేడా పట్టుకుని ఆ సంగతి జార్జ్‌కు ఉత్తరం రాశాడు. లెక్క బాగా చేయడం కంటే ఇది పెద్ద విషయమని మాకు అనిపిస్తుంది. అచ్చులో ఉన్నది కూడా తప్పు కావచ్చని అనుకోవడానికి వేరే ధైర్యం కావాలి. అచ్చు అనేదే తనది కాని జాతికి అది మరీ కష్టం.

ఆ తరవాత పూర్తి ఏడాదికి లెక్క తయారు చేశాడు. ఏడాదిలో ప్రతి రోజుకూ సూర్యోదయం, సూర్యాస్తమయం, చంద్రుడి ఉదయాస్తమయాలు, అమావాస్య, పున్నమి, గ్రహాల స్థానాలు, గ్రహణాలు. ఒక్క అంకె తప్పితే దాని మీద ఆధారపడిన అంకెలన్నీ తప్పుతాయి. క్యాలిక్యులేటర్ లేదు, సహాయకుడు లేడు. 1791 సంవత్సరానికి చేసిన ఆ లెక్కను అచ్చువేసేవాళ్లు దొరకలేదు. ఆయన మళ్లీ కూర్చుని 1792కు మొదలుపెట్టాడు.

ఈ మధ్యలోనే వాషింగ్టన్ నగరం పని వచ్చింది. అమెరికా కొత్త రాజధానికి ఒక్కో వైపు 10 మైళ్లు ఉండే చతురస్రం కొలవాలి. సర్వే పెద్ద ఆండ్రూ ఎలికాట్, జార్జ్‌కు దగ్గరి బంధువు. అతను బన్నెకర్‌ను సహాయకుడిగా తీసుకున్నాడు. 1791 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, వణికే చలిలో, పొటోమాక్ నది ఒడ్డున జోన్స్ పాయింట్ దగ్గర వేసిన గుడారంలో ఆయన పని చేశాడు. అప్పటికి వయసు 59. భూమి మీద మొదటి బిందువు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆకాశాన్ని కొలవాలి. నెత్తి మీదుగా వెళ్లే నక్షత్రాల కోణం కొలిచే జెనిత్ సెక్టార్ అనే పరికరం గుడారంలో ఉంది. పక్కనే ఖగోళ గడియారం. నక్షత్రం మధ్యాహ్న రేఖ దాటిన క్షణం గడియారంలో ఎంతయిందో రాయాలి. ఆ గడియారం చలికి, వేడికి పరుగు మార్చుకోకుండా కనిపెట్టి ఉండాలి. సూర్యుడితో సరిచూస్తూ ఉండాలి. చెక్క గడియారం చేసిన చేతులకు అప్పగించిన పని ఇదే. రాత్రి పరిశీలన, పగలు సరిచూడడం, మధ్యలో దొరికినంత నిద్ర. ఏప్రిల్ 15న జోన్స్ పాయింట్‌లో మొదటి సరిహద్దు రాయి నాటారు. ఆ నెలాఖరుకు ఆయన ఇంటికి వచ్చేశాడు.

వాషింగ్టన్ నగర నక్షా పోతే బన్నెకర్ జ్ఞాపకం నుంచి మొత్తం గీసి ఇచ్చాడని ఒక కథ బాగా తిరుగుతోంది. మన మిత్రులు కూడా పంచుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. నగర నక్షా పని ఆయనది కాదు, ఆ గొడవ జరిగేనాటికి ఆయన అక్కడ లేడు. మన వీరుల గురించి అబద్ధం చెబితే, నిజంగా చేసినదాన్ని కూడా అబద్ధమనే అవకాశం ఎదుటివాడికి ఇచ్చినట్టే. చేసినది చాలినంత ఉంది.

గుడారం రోజుల నుంచి ఇంకో సంగతి. జార్జ్ ఎలికాట్ కూతురు మార్తా టైసన్ తరవాతి కాలంలో బన్నెకర్ జీవితం రాసింది. ఆయన గురించి మనకు తెలిసిన చాలా విషయాలకు ఆవిడే ఆధారం. సర్వే వాళ్లు ఆయన్ని తమతో కలిసి భోజనానికి కూర్చోమని పిలిచారనీ, ఆయనే వినయంతో వద్దన్నాడనీ, అదే గదిలో వేరే బల్ల మీద ఆయనకు వడ్డించేవారనీ ఆవిడ రాసింది. టైసన్ సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. కానీ రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనం వినయం అన్న ఆ మాటను ఆవిడ రాసినంత తేలిగ్గా చదవలేం. పిలిచిన తరవాత కూడా వేరే కూర్చున్న మనిషి ఏమి ఆలోచించి కూర్చున్నాడో ఆయనకే తెలుసు.

ఇంటికి రాగానే 1792 పంచాంగం పూర్తి చేశాడు. దాని చేతిరాత ప్రతి ఒకటి, దానితో పాటు ఒక ఉత్తరం, 1791 ఆగస్టు 19న థామస్ జెఫర్సన్‌కు పంపాడు. జెఫర్సన్ అప్పుడు విదేశాంగ కార్యదర్శి. మనుషులంతా సమానంగా పుట్టారన్న స్వాతంత్ర్య ప్రకటన రాసిన మనిషి. జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలను సొంతం చేసుకున్న మనిషి కూడా. వర్జీనియా గురించి తాను రాసిన పుస్తకంలో నల్లవాళ్లకు తర్కబుద్ధి తక్కువనీ, రేఖాగణితం వాళ్లకు పట్టుబడదనీ రాసినవాడు. బన్నెకర్ ఉత్తరం పొడుగైనది, మర్యాదగా ఉంటుంది, ఎక్కడా తగ్గదు. ఇంగ్లండ్ రాజు పెత్తనం కింద మీరు పడిన బాధ గుర్తు చేసుకోండి అంటాడు. మీరు రాసిన ప్రకటననే ఎదురుగా పెడతాడు. ఆ మాటలు రాసిన చేతులతోనే నా సోదరులను బలవంతంగా బంధించి ఉంచారు కదా, ఇతరుల్లో అసహ్యించుకున్న నేరమే మీరు చేస్తున్నారు కదా అన్న అర్థంలో సూటిగా అడుగుతాడు. తాను నల్లజాతి వాడినని, ఆ సంగతి ఇష్టంగానే ఒప్పుకుంటానని చెబుతాడు. ఇది చందా అడిగే ఉత్తరం కాదు, సిఫార్సు కోరే ఉత్తరం కాదు.

జెఫర్సన్ ఆగస్టు 30న జవాబు రాశాడు. పొట్టి జవాబు. నల్లవాళ్లకూ మిగతావారితో సమానమైన ప్రతిభ ఉందనే రుజువులు చూడాలని తనకంటే ఎక్కువగా ఎవరూ కోరుకోరన్నాడు. పంచాంగాన్ని పారిస్‌లోని సైన్సు అకాడమీ కార్యదర్శి కాండోర్సేకు పంపుతున్నానన్నాడు. తన బానిసల గురించి ఏమీ అనలేదు.

ఆ ఏడాది చివర్లో బాల్టిమోర్‌లో పంచాంగం అచ్చయింది. అచ్చు కావడానికి ముందు లెక్కలను డేవిడ్ రిట్టెన్‌హౌస్ అనే అప్పటి ప్రముఖ ఖగోళవేత్త పరిశీలించి బాగున్నాయన్నాడు. పెన్సిల్వేనియా బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్లు అండగా నిలిచారు. జేమ్స్ మెక్‌హెన్రీ అనే రాజకీయ నాయకుడు ముందుమాట రాసి, ఇది నల్లవాడు సొంతంగా చేసిన పనే అని హామీ ఇచ్చాడు. తెల్లవాడి పంచాంగానికి ఇలాంటి హామీ పత్రం ఎవరూ అడగలేదు. కుల ధ్రువీకరణ పత్రం ఒక చేత్తో, మెరిట్ నిరూపణ ఇంకో చేత్తో పట్టుకుని తిరిగే మన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు.

1792 నుంచి 1797 దాకా ఆరు సంవత్సరాల పంచాంగాలు, వేర్వేరు ఊళ్లలో కనీసం 28 ముద్రణలు వచ్చాయి. చెసాపీక్ అఖాతంలో ఆటుపోట్ల పట్టిక ఉండేది, పడవలవాళ్లకు అది ముఖ్యం. 1793 పంచాంగంలో జెఫర్సన్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరం కూడా వేశారు. రైతు పొయ్యి పక్కన మేకుకు వేలాడే పుస్తకంలోకి బానిసత్వం మీద వాదన అలా ప్రవేశించింది. 1795 పంచాంగం మీద ఆయన బొమ్మే అచ్చయింది.

1797 తరవాత ఎవరూ అచ్చు వేయలేదు. ఆయన లెక్క మాత్రం ఆపలేదు. ఇంకా కొన్నేళ్లు, ఎవరూ కొనని సంవత్సరాలకు కూడా సూర్యచంద్రుల స్థానాలు రాసుకుంటూ పోయాడు. ఆ నోటు పుస్తకంలో ఆకాశంతో పాటు నేల కూడా ఉంది. 1749లో, తన పద్దెనిమిదో ఏట, గుంపులు గుంపులుగా చెట్లెక్కిన కీచురాళ్లను మిడతలనుకుని చంపబోయాడు. 1766లో మళ్లీ వచ్చాయి, 1783లో మళ్లీ వచ్చాయి. పదిహేడేళ్లకొకసారి వస్తాయని, 1800లో మళ్లీ చూడవచ్చని రాసుకున్నాడు. మూడుసార్లు చూడడానికి ముప్పై నాలుగేళ్లు పడుతుంది. ఇల్లు కదలకుండా కనిపెట్టుకుని ఉన్న కన్ను అది. అదే పుస్తకంలో తన ఇంటి చుట్టూ తుపాకులు పేల్చిన రాత్రుల సంగతీ, దొంగతనాల సంగతీ ఉంది. పేరు వచ్చాక, ఒంటరి ముసలివాడి ఇంటి మీద ఇలాంటివి జరిగాయి.

మహాత్మా ఫూలే 1873లో గులాంగిరి రాసి, నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ విముక్తికి పునాదుల్లో ఈ పంచాంగాలు కూడా ఉన్నాయి. మన కాలంలో రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కార్ల్ సాగన్ లాంటి సైన్సు రచయిత కావాలనుకున్నానని, నక్షత్రాలంటే ప్రేమ అని రాసుకున్నాడు. ఇది రాస్తున్నంతసేపూ ఆ ఉత్తరం మాకు గుర్తొస్తూనే ఉంది.

బన్నెకర్ 1806 అక్టోబర్‌లో, డెబ్బై అయిదేళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు పోయాడు. మూడేళ్ల తరవాత, 1809లో, జెఫర్సన్ జోయెల్ బార్లో అనే కవికి ఉత్తరం రాస్తూ ఆయన ప్రస్తావన తెచ్చాడు. పంచాంగం చేయడానికి సరిపడా గణితం వచ్చిన మాట నిజమే కానీ పొరుగున ఉన్న ఎలికాట్ సాయం చేసి ఉంటాడన్న అనుమానం లేకపోలేదన్నాడు. తనకు వచ్చిన పొడుగు ఉత్తరాన్ని బట్టి చూస్తే అది చాలా మామూలు బుద్ధి అన్నాడు. బతికున్నప్పుడు మెచ్చుకోలు, చచ్చిపోయాక ఇది. జవాబు చెప్పే మనిషి లేడు. ఎలికాట్ సాయమంటే ఒక టెలిస్కోపు, మూడు పుస్తకాలు, ఒక బల్ల. జెఫర్సన్‌కు ఎవరెవరి సాయం ఉందో, ఎవరు పండించిన పొగాకుతో ఆయన పుస్తకాలు కొన్నాడో ఎవరూ అడగలేదు.

తాను పోగానే అరువు సామాను తిరిగి ఇచ్చేయాలని బన్నెకర్ ముందే చెప్పి పెట్టాడు. మేనల్లుడు టెలిస్కోపు, పరికరాలు, పుస్తకాలు, బల్ల బండికెత్తి జార్జ్ ఎలికాట్ ఇంటికి చేర్చాడు. వాటితో పాటు లెక్కల నోటు పుస్తకం కూడా వెళ్లింది. అంత్యక్రియలు జరుగుతుండగానే ఇంటికి నిప్పంటుకుంది. ఎలా అంటుకుందో తేలలేదు. చెక్క గడియారం కాలిపోయింది, మిగిలిన కాగితాలు కాలిపోయాయి. నోటు పుస్తకం తరవాత మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీకి చేరింది, ఆ సంస్థను ఇప్పుడు మేరీలాండ్ సెంటర్ ఫర్ హిస్టరీ అండ్ కల్చర్ అంటున్నారు. మడత బల్ల ఎలికాట్ల వంశంలోనే ఉండిపోయి 1996లో వేలానికి వచ్చింది. ఓయెల్లాలో, ఆయన పొలం ఉన్న నేల మీదే ఇప్పుడు ఒక మ్యూజియం ఉంది.